జనవరిలో పెరటి సోఫాలు, ఆగస్టులో క్రిస్మస్ చెట్లు: వేర్‌హౌస్ స్టోర్ల సీజన్ లెక్క

జనవరిలో అమెరికా ఉత్తరాది రాష్ట్రాల్లో పెరట్లో అడుగుపెట్టే పరిస్థితి ఉండదు. ఎక్కడ చూసినా మంచే. సరిగ్గా అప్పుడే కాస్ట్‌కో, సామ్స్ క్లబ్ లాంటి, గోదాముల్లా ఉండే వేర్‌హౌస్ స్టోర్లలో మధ్య వరుసలు పెరటి సోఫాలు, డైనింగ్ సెట్లు, పెద్ద గొడుగులతో నిండటం మొదలవుతుంది. తీరా ఎండలు ముదిరాక, ఈ వారాంతం నలుగురినీ పిలిచి పెరట్లో భోజనాలు పెడదామని జూలైలో వెళ్తే, అక్కడ మిగిలేది ఒకటో రెండో పెట్టెలు. పక్కన బడిపిల్లల బ్యాగులు, ఆ వెనక హాలోవీన్ అస్థిపంజరాలు. ఆగస్టు గడిచేలోపు క్రిస్మస్ చెట్లు కూడా నిలబడతాయి.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలిస్తే, ఏది ఎప్పుడు కొనాలి, దేనికోసం ఆగొచ్చు, దేనికి ఆగితే నష్టం అన్నవి తేలిగ్గా తేలిపోతాయి. చాలామంది ఇక్కడికి మామూలు ఫర్నిచర్ షాపు అలవాటుతోనే వస్తారు. సీజన్ చివర్లో ధర సగానికి పడుతుంది, అప్పుడు చూద్దాంలే అనుకుంటారు. ఆ అలవాటు ఈ స్టోర్లలో అంతగా పనిచేయదు. ధర మొదటిరోజు నుంచే తక్కువగా ఉంటుంది, సరుకు మాత్రం చివరిదాకా ఉండదు. అందుకే ముందే టేపు పట్టి కొలతలు తీసుకుని, తమ ఊరి ఎండావానలకు ఏ రకం సరుకు తట్టుకుంటుందో తెలుసుకుని వెళ్లినవాళ్లకే ఇక్కడ నిజంగా బేరం కుదురుతుంది.

తక్కువ రకాలు, వేగంగా కదిలే సరుకు

ఈ వ్యాపార పద్ధతికి ఆద్యుడు సోల్ ప్రైస్. 1976లో శాన్ డియేగోలో, ఒకప్పుడు విమానాల హ్యాంగర్‌గా ఉన్న షెడ్డులో ఆయన ప్రైస్ క్లబ్ తెరిచారు. చందా కట్టిన సభ్యులకే అమ్మకం. హంగులు ఉండవు, సరుకు వచ్చిన ప్యాలెట్ (సరుకు పేర్చే చెక్క పలక) వచ్చినట్టే నేల మీద ఉంటుంది. ఆయన దగ్గర పని నేర్చుకున్న జిమ్ సినెగల్, జెఫ్రీ బ్రాట్‌మన్‌తో కలిసి 1983లో సియాటిల్‌లో కాస్ట్‌కో తొలి స్టోరు ప్రారంభించారు. అదే ఏడాది వాల్‌మార్ట్ వ్యవస్థాపకుడు శామ్ వాల్టన్ ఓక్లహోమాలో సామ్స్ క్లబ్ మొదలుపెట్టారు. 1993లో ప్రైస్ క్లబ్, కాస్ట్‌కో ఒక్కటయ్యాయి.

సూత్రం అప్పటినుంచి పెద్దగా మారలేదు. ఒక మామూలు సూపర్‌మార్కెట్లో 30 వేల దాకా రకాలు ఉంటే, కాస్ట్‌కోలో 4 వేల లోపే ఉంటాయి. బయటి బ్రాండ్ల మీద 14 శాతం, సొంత బ్రాండ్ కిర్క్‌లాండ్ సిగ్నేచర్ మీద 15 శాతం మించి మార్జిన్ వేసుకోకూడదన్నది ఆ సంస్థ చాలాకాలంగా పాటిస్తున్న కట్టుబాటు. మరి మిగిలేదేమిటి? 2024 ఆర్థిక సంవత్సరంలో కాస్ట్‌కో అమ్మకాలు దాదాపు 250 బిలియన్ డాలర్లు, నికర లాభం సుమారు 7.4 బిలియన్లు. అదే ఏడాది సభ్యత్వ రుసుముల కింద వచ్చింది 4.8 బిలియన్లు. సభ్యత్వం కోసం కట్టే డబ్బే ఈ వ్యాపారానికి వెన్నెముక అని ఈ అంకెలు చూస్తే తెలిసిపోతుంది. 2024 సెప్టెంబరు నుంచి అమెరికాలో మామూలు సభ్యత్వం ఏడాదికి 65 డాలర్లు, ఎగ్జిక్యూటివ్ సభ్యత్వం 130 డాలర్లు.

మార్జిన్ ఇంత సన్నగా ఉన్నప్పుడు సరుకు నిలవ ఉండిపోవడం స్టోరుకు పెద్ద దెబ్బ. ఏడాదిలో పన్నెండు సార్లకు పైగా సరుకు తిరగాలి, అంటే సగటున నెలలోపు ఖాళీ అవ్వాలి. ఒక సోఫా సెట్టు ఆక్రమించే నేల మీద డిటర్జెంట్ డబ్బాలో, మంచినీళ్ల సీసాలో పెడితే అవి రోజుకో ప్యాలెట్ చొప్పున వెళ్లిపోతాయి. అంత విలువైన చోటును సోఫాకు ఇవ్వాలంటే, అది కూడా వారాల్లోనే కదలాలి. జూన్ చివరికి కదలకపోతే ధర కోసి పంపించేస్తారు తప్ప వచ్చే ఏడాదికి దాచిపెట్టరు.

ఉన్న రకాల్లో సుమారు మూడొంతులు ఏడాది పొడవునా ఉండే నిత్యావసరాలు. మిగతా నాలుగోవంతు వస్తూ పోతూ ఉంటుంది. దీన్నే ఆ రంగంలో ట్రెజర్ హంట్, అంటే నిధి వేట అంటారు. పాలకీ గుడ్లకీ వచ్చినవాళ్ల బండిలో ఒక రాతి ఫౌంటెన్ ఎక్కడం దీని పుణ్యమే. పాలూ గుడ్లూ స్టోరు వెనక గోడ దగ్గర, సీజన్ సరుకు ద్వారం దాటగానే మధ్యలో. వెనక్కి వెళ్లాలంటే దీన్ని దాటక తప్పదు. వచ్చే వారానికి ఇది ఉండదేమోనన్న టెన్షన్ కొనేవాళ్లలో ఎప్పుడూ ఉంటుంది. ఆ టెన్షన్ ఉత్తిది కాదు, నిజంగానే ఉండకపోవచ్చు. సరిగ్గా ఆ కారణం వల్లే, ఇంట్లో కూర్చుని తీసుకోవాల్సిన నిర్ణయాన్ని స్టోర్లో నిలబడి తీసుకోకూడదు.

సముద్రం అవతల మొదలయ్యే వేసవి

పెరటి ఫర్నిచర్ జనవరిలోనే రావడం వెనక ఫ్యాక్టరీల క్యాలెండర్ కూడా ఉంది. ఈ సెట్లలో ఎక్కువ భాగం చైనా, వియత్నాం, ఇండోనేషియాల్లో తయారవుతాయి. చైనా, వియత్నాంలలో జనవరి చివరినుంచి ఫిబ్రవరి మధ్యలో చాంద్రమాన కొత్త సంవత్సరం వస్తుంది. ఫ్యాక్టరీలు వారం రెండు వారాలు, ఒక్కోచోట ఇంకా ఎక్కువే మూతపడతాయి. పనివాళ్లు ఊళ్లకు వెళ్లి తిరిగి వచ్చేసరికి ఉత్పత్తి గాడిన పడటానికి మరికొంత సమయం. కాబట్టి వేసవి సరుకు ఆ సెలవులకు ముందే ఓడ ఎక్కాలి. పసిఫిక్ దాటడానికి రెండు మూడు వారాలు, రేవులో దించి డిపోలకు చేర్చడానికి ఇంకొన్ని రోజులు. ఇంత ప్రయాణం కావాలి కాబట్టి, డిజైన్లూ రంగులూ ఎన్ని సెట్లన్నదీ అంతకుముందు వేసవి నాటికే ఖాయమై ఉంటాయి.

ఇందులోంచి కొనేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన విషయం ఒకటి ఉంది. ఏప్రిల్‌లో ఒక సెట్టు విపరీతంగా అమ్ముడుపోయినా, మళ్లీ తెప్పించే వ్యవధి ఉండదు. ఆర్డరు పెట్టి, తయారై, ఓడలో వచ్చేసరికి వేసవి అయిపోతుంది. స్టోరు మనుషుల్ని మళ్లీ ఎప్పుడొస్తుందని అడిగితే వాళ్ల దగ్గర జవాబు లేకపోవడం నిర్లక్ష్యం కాదు, అసలు రావడం అన్నదే లేదు.

ఈ గొలుసు తెగితే ఏమవుతుందో 2021, 2022 చూపించాయి. 2021 చివర్లో లాస్ ఏంజెలెస్, లాంగ్ బీచ్ రేవుల బయట వందకు పైగా ఓడలు సరుకు దించే వంతు కోసం లంగరేసి నిలబడ్డాయి. కాస్ట్‌కో ఏకంగా మూడు చిన్న కంటైనర్ ఓడలను తానే అద్దెకు తీసుకుంది. తర్వాతి ఏడాది కథ అడ్డం తిరిగింది. ఆలస్యమైన సరుకంతా ఒక్కసారిగా వచ్చిపడే సమయానికి జనం ఇంటి సామాన్ల మీద ఖర్చు తగ్గించేశారు. 2022 జూన్‌లో టార్గెట్ అనే రిటైల్ స్టోర్ల సంస్థ, తన దగ్గర పేరుకుపోయిన నిలవను వదిలించుకోవడానికి ధరలు కోస్తున్నామని, లాభం తగ్గుతుందని బహిరంగంగా ప్రకటించింది. అలా పేరుకుపోయినవాటిలో పెరటి ఫర్నిచర్ కూడా ఉంది. ఆ ఏడాది ఆగి కొన్నవాళ్లు బాగుపడ్డ మాట నిజమే. దాన్ని ప్రతి ఏడాదికీ వర్తించే సూత్రంగా తీసుకుంటేనే చిక్కు.

సుంకాల ప్రభావం కూడా ధరల్లో కనిపిస్తుంది. చైనా ఫర్నిచర్ మీద 2018 సెప్టెంబరులో వేసిన 10 శాతం అదనపు సుంకం 2019 మేలో 25 శాతమైంది. తయారీ కొంతమేర వియత్నాం వైపు జరగడానికి అదొక ముఖ్య కారణం.

ధర కార్డు మీద ఏముంది

కాస్ట్‌కోలో ప్రతి వస్తువు పైనా వేలాడే ధర కార్డును చాలామంది అంకె చూసి వదిలేస్తారు. అందులో ఇంకొంత సమాచారం ఉంటుంది. ఇవి కాస్ట్‌కో అధికారికంగా ప్రకటించిన నియమాలు కావు. అక్కడ పనిచేసినవాళ్లు, ఏళ్లుగా కొంటున్నవాళ్లు గమనించి చెప్పుకునేవి. ధర 99 సెంట్లతో ముగిస్తే అది మామూలు ధర. 97 సెంట్లతో ముగిస్తే తగ్గించిన ధర, ఆ సరుకును వదిలించుకుంటున్నారని అర్థం. 00తోనో 88తోనో ముగిస్తే ఆ స్టోరు మేనేజరు స్వయంగా తగ్గించి ఉంటారు. అది డిస్‌ప్లేకు పెట్టినదో, వెనక్కి వచ్చినదో కావచ్చు. కార్డు కుడివైపు పై మూలన చిన్న నక్షత్రం గుర్తు ఉంటే ఆ వస్తువు మళ్లీ రాదు.

సీజన్ సరుకు విషయంలో ఈ నక్షత్రాన్ని చూసి పొరబడేవాళ్లు ఎక్కువ. సబ్బుల మీద నక్షత్రం కనిపిస్తే త్వరలో ధర తగ్గొచ్చని ఊహించవచ్చు. పెరటి సెట్టు మీద మార్చిలోనే నక్షత్రం కనిపిస్తే దానికి అలాంటి అర్థం ఏమీ లేదు. ఆ సరుకు ఎలాగూ ఒక్కసారే వస్తుంది. నక్షత్రం, 97 రెండూ ఒకే కార్డు మీద కనిపించినప్పుడు మాత్రం ఆలోచించాల్సిందే. అప్పటికి ఆ స్టోర్లో మిగిలింది కొద్దిపాటే అయి ఉంటుంది.

మరి ఆగాలా వద్దా? పెద్ద సెట్లకు ఆగకపోవడమే మంచిది. ఒక్కో స్టోరుకు ఒక్కో రకం కొన్ని పదుల్లోనే వస్తుంది. మంచి రంగులు, అందరి పెరట్లోనూ పట్టే కొలతలు ముందే వెళ్లిపోతాయి. చివర్లో మిగిలేవి ఎవరూ ముట్టని రంగులు, చిన్న ఇంటికి పట్టని మూల సోఫాలు. పైగా జూలై చివర్లో వంద డాలర్లు తక్కువకు కొన్నవాళ్లు ఆ వేసవిలో సగం పోగొట్టుకున్నట్టే. చలి ప్రాంతాల్లో అయితే నాలుగు వారాలు వాడి కవరు కప్పాలి. సోలార్ దీపాలు, తీగ లైట్లు, కుండీలు, పెరటి రగ్గులు, నీళ్లలో ఆడుకునే బొమ్మలు వేరు. ఇవి వందల్లో వస్తాయి, రంగు కాస్త అటూఇటూ అయినా ఇబ్బంది ఉండదు, వచ్చే ఏడాదికి అటక మీద దాచుకోవచ్చు. వీటికోసం జూన్ దాకా ఆగితే 97 కనిపించే అవకాశం బాగా ఉంటుంది.

ముందే కొన్నాక ధర పడిపోతుందేమోనన్న భయానికి కొంత మందు ఉంది. కొన్న 30 రోజుల్లోపు అదే వస్తువు ధరను కాస్ట్‌కో తగ్గిస్తే, తేడా వెనక్కి ఇమ్మని అడగవచ్చు. స్టోర్లో కొన్నది రిటర్న్స్ కౌంటర్లో, ఆన్‌లైన్లో కొన్నది ఆన్‌లైన్లోనే అడగాలి. తగ్గిందని వాళ్లంతట వాళ్లు ఫోన్ చేసి చెప్పరు. కార్డు మీది ఐటమ్ నంబరును ఫోన్లో ఫొటో తీసి పెట్టుకుంటే సరిపోతుంది.

కుర్చీని బోర్లించి చూడటం

కొనేవాళ్లు అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టాల్సింది వస్తువు దేంతో చేశారన్న దాని మీద. చాలామంది కూర్చుని చూసి, మెత్తగా ఉందని సంతోషపడి కొనేస్తారు. డిస్‌ప్లేలోని కుషన్ ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది. రెండు వేసవుల తర్వాత దాని గతేమిటన్నది కింద ఉన్న ఫ్రేము, పైన ఉన్న గుడ్డ చెబుతాయి.

ముందు ఫ్రేము. అల్యూమినియం తుప్పు పట్టదు, తేలికగా ఉంటుంది, ధర కొంచెం ఎక్కువ. స్టీలు బరువుగా, చవకగా ఉంటుంది, పైన పౌడర్ కోటింగ్, అంటే పొడి రంగు కరిగించి వేసిన పూత ఉన్నంతకాలం బాగానే ఉంటుంది. ఆ కోటింగ్ ఎక్కడైనా చిట్లితే తుప్పు అక్కడ మొదలై లోపల్లోపలే పాకుతుంది. రెండూ నల్లరంగు వేసుకుని పక్కపక్కనే ఉంటే కంటికి తేడా తెలియదు. జేబులో చిన్న అయస్కాంతం ఉంటే చాలు. స్టీలుకు అతుక్కుంటుంది, అల్యూమినియానికి అతుక్కోదు. ఫ్రేము అల్యూమినియమే అయినా అడ్డపట్టీలు, బోల్టులు స్టీలువై ఉండొచ్చు కాబట్టి రెండు మూడు చోట్ల పెట్టి చూడాలి.

డిస్‌ప్లే కుర్చీని ఒకసారి బోర్లించి చూస్తే ఇంకా చాలా తెలుస్తుంది. అతుకుల దగ్గర వెల్డింగ్ చుట్టూ పూర్తిగా ఉందా, లేక రెండు చుక్కలు వేసి వదిలేశారా? కాళ్ల చివర ప్లాస్టిక్ మూతలు గట్టిగా కూర్చున్నాయా? గొట్టంలాంటి కాళ్లకు నీరు కారిపోయే చిన్న రంధ్రం ఉందా? వాన నీరు కాలి లోపల చేరి బయటికి వెళ్లే దారి లేకపోతే స్టీలు కుర్చీ కిందనుంచే తినేయబడుతుంది. గడ్డకట్టే చలి ఉన్న మిన్నెసోటా లాంటి చోట్ల ఆ నీరే మంచుగా మారి వ్యాకోచించి గొట్టాన్ని చీలుస్తుంది.

బెత్తపు అల్లికలా కనిపించే వికర్‌లో రెండు రకాలు. హెచ్‌డీపీఈ, అంటే ఎక్కువ సాంద్రత ఉన్న పాలిథిలిన్‌తో చేసినది, ఎండను తట్టుకునే రసాయనాలు కలిపి ఉంటే చాలా ఏళ్లు నిలుస్తుంది. పీవీసీతో చేసినది చవక, కానీ కొన్నేళ్ల ఎండకు పెళుసుబారి తీగ తీగగా విరుగుతుంది. ఫీనిక్స్ లాంటి ఎడారి ఊళ్లలో ఈ తేడా మరీ త్వరగా బయటపడుతుంది. పెట్టె మీద రెసిన్ వికర్ అని మాత్రమే రాసి, ఏ రెసినో చెప్పకపోతే అనుమానించడంలో తప్పులేదు.

కర్రకొస్తే టేకుది వేరే స్థాయి. దానిలో సహజంగా ఉండే నూనెలు నీటినీ పురుగునూ దగ్గరకు రానివ్వవు. ఏమీ పూయకపోతే ఏడాదికి కాస్త అటూఇటుగా వెండి బూడిద రంగుకు తిరుగుతుంది. చాలామంది అది పాడైపోతోందని కంగారుపడతారు. రంగు మారినంత మాత్రాన బలం తగ్గదు. యూకలిప్టస్, తుమ్మజాతికి చెందిన అకేషియా చవకగా దొరుకుతాయి, చూడటానికి టేకులాగే ఉంటాయి, కానీ ఏటా నూనె పట్టించాలి. ఆ ఓపిక లేనివాళ్లు వాటిని వానలో వదిలేస్తే పగుళ్లు తప్పవు. రీసైకిల్ చేసిన ప్లాస్టిక్‌తో కర్రలా చేసిన పలకల కుర్చీలకు ఈ బాధలేవీ లేవు. బరువెక్కువ, ధర కూడా ఎక్కువే. ఫ్లోరిడా తీరంలో ఉప్పుగాలికి స్టీలు ఎలా కరిగిపోతుందో చూసినవాళ్లు ఆ ఎక్కువ ధరకు వెనకాడరు.

ఇక గుడ్డ. సొల్యూషన్ డైడ్ అన్న మాట లేబుల్ మీద ఉందో లేదో చూడాలి. దారం తయారు చేసేటప్పుడే ముడిపదార్థంలో రంగు కలిపేస్తారు కాబట్టి రంగు దారం లోపలి దాకా ఉంటుంది, ఎండకు త్వరగా వెలవదు. ఈ పద్ధతిలో చేసిన యాక్రిలిక్ గుడ్డల్లో సన్‌బ్రెల్లా బాగా పేరున్నది. ఒలెఫిన్ అనే కృత్రిమ దారపు గుడ్డ కూడా మంచిదే, ధర కొంచెం తక్కువ. పైపైన రంగు అద్దిన మామూలు పాలిస్టర్ ఒక్క వేసవికే పాలిపోతుంది. రెండు సెట్ల మధ్య రెండొందల డాలర్ల తేడా ఎందుకుందో అర్థం కానప్పుడు, కుషన్ అడుగున కుట్టిన ఆ చిన్న లేబుల్ చదివితే తరచు జవాబు అక్కడే ఉంటుంది. జిప్పు తీసి లోపల ఏముందో చూడటమూ మంచిదే. నీరు జారిపోయే ఫోమ్ అయితే ఒక పూట ఎండకు ఆరుతుంది. దూదిలాంటి పాలిస్టర్ పీచు నింపితే రోజుల తరబడి తడి పట్టి ఉంచుతుంది. సియాటిల్ లాంటి ముసురు ఊళ్లలో బూజు వాసన అక్కడినుంచే మొదలవుతుంది.

గొడుగు కొనేటప్పుడు దాని కాలిదిమ్మె కూడా కలిపి లెక్క వేసుకోవాలి. తొమ్మిది అడుగుల గొడుగును టేబుల్ మధ్యలో గుచ్చినా దిమ్మె సుమారు 50 పౌండ్లు ఉండాలి. టేబుల్ లేకుండా నిలబెడితే ఇంకా బరువు కావాలి. పక్కనుంచి వంగే క్యాంటిలీవర్ గొడుగులకు దిమ్మె చాలాసార్లు విడిగా కొనాల్సి వస్తుంది. గొడుగు ధర చూసి చవక అనుకున్నవాళ్లు అప్పుడు ఉలిక్కిపడతారు.

కొలతల సంగతి పొడవుగా చెప్పనక్కర్లేదు. టేబుల్ అంచునుంచి గోడకో రెయిలింగుకో కనీసం మూడడుగులు ఉండాలి, లేకపోతే కుర్చీ వెనక్కి లాగి లేవడం కుదరదు. పదడుగుల చదరపు ప్యాటియోలో ఆరుగురి టేబుల్ పట్టదు. పెట్టె కొలతలు కారు డిక్కీతో సరిచూసుకోవాలి. మూల సోఫాలు రెండు మూడు పెట్టెల్లో వస్తాయి, అన్ని పెట్టెలూ తీసుకున్నామో లేదో బిల్లింగ్ దాటకముందే లెక్క చూసుకోవాలి. పెద్ద కారు లేనివాళ్లకు ఆన్‌లైన్ దారి ఉంది. అదే సెట్టు ఆన్‌లైన్లో ఎక్కువ ధర చూపిస్తే, ఇంటికి చేర్చే ఖర్చు అందులో కలిసి ఉందని అర్థం. ట్రక్కు అద్దెకు తీసుకోవాల్సినవాళ్లకు చివరికి ఆన్‌లైనే చవక పడొచ్చు.

ఇంటి లోపలి సామాన్లకూ ఇదే ముందస్తు క్యాలెండర్ వర్తిస్తుంది, కాకపోతే ఆ తొందర తక్కువ. కొత్త సంవత్సరం తీర్మానాల వేళ జనవరిలో మూతల డబ్బాలు, అల్మరాలు, గరాజ్ షెల్ఫులు వస్తాయి. వేసవి చివర్లో మందపు దుప్పట్లు, హీటర్లు దిగుతాయి. వీటిలో చాలావరకు ప్రతి ఏడాదీ దాదాపు అదే రకం తిరిగి వస్తుంది కాబట్టి, ఒకసారి తప్పిపోయినా దిగులు పడక్కర్లేదు.

వెనక్కి ఇవ్వడం, అనుమతులు, ఒక రీకాల్

కాస్ట్‌కో రిటర్న్ పాలసీ ఉదారమైనది. ఎలక్ట్రానిక్స్, పెద్ద గృహోపకరణాలకు 90 రోజుల గడువు, మరికొన్నిటికి మినహాయింపులు పోను, ఎక్కువ సరుకు నచ్చకపోతే వెనక్కి తీసుకుంటారు. పెరటి ఫర్నిచర్ కూడా అందులోకే వస్తుంది. అతుకు ఊడిన కుర్చీని, ఏడాదికే విరిగిన అల్లికను వెనక్కి ఇవ్వడంలో మొహమాటం అక్కర్లేదు. వేసవంతా వాడుకుని సెప్టెంబరులో తెచ్చి పడేయడం మాత్రం తప్పు. ఆ ఖర్చు చివరికి మిగతా సభ్యులందరి ధరల్లోకే చేరుతుంది. ఇంకో ఇబ్బంది, అదే సెట్టు మార్చి ఇవ్వడానికి వాళ్ల దగ్గరా ఉండదు. డబ్బు చేతికొస్తుంది, పెరడు ఖాళీగా ఉంటుంది.

గజీబోలు (పైకప్పు ఉన్న పెరటి మండపాలు), చెక్క షెడ్లు కొనేవాళ్లు బిల్లు కట్టే ముందు రెండు చోట్ల విచారించాలి. ఒకటి నగర భవన నిర్మాణ విభాగం. చాలా నగరాల్లో 120 లేదా 200 చదరపు అడుగుల లోపు విడి షెడ్డుకు పర్మిట్ అక్కర్లేదు, కానీ హద్దు ఎంతన్నది ఊరునుబట్టి మారుతుంది. పర్మిట్ అక్కర్లేకపోయినా ప్రహరీనుంచి ఇన్ని అడుగులు వదలాలన్న నియమం ఉండొచ్చు. రెండోది హెచ్‌ఓఏ, అంటే కాలనీలోని ఇళ్ల యజమానుల సంఘం. గజీబో రంగు నచ్చలేదని తీయించేసే అసోసియేషన్లు ఉన్నాయి. అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్లకు గ్రిల్లు, ఫైర్ పిట్ సంగతి ఇంకా ముఖ్యం. అమెరికాలో చాలాచోట్ల అమల్లో ఉన్న ఫైర్ కోడ్ ప్రకారం, చెక్కలాంటి అంటుకునే సామగ్రితో కట్టిన బాల్కనీ మీద, దానికి పదడుగుల లోపల మంట వచ్చే గ్రిల్లు వాడకూడదు. ఒకటి రెండు ఇళ్ల భవనాలకు, మంటలార్పే నీటి స్ప్రింక్లర్లు ఉన్నచోట్లకు మినహాయింపు ఉంది. ఎలక్ట్రిక్ గ్రిల్లుకు ఈ గొడవ లేదు, కాకపోతే లీజు కాగితంలో ఏముందో చదవాలి.

సోలార్ బ్యాటరీ ఉన్న సామాన్లతో జాగ్రత్త ఎందుకో 2022 జూన్ నాటి రీకాల్ చెబుతుంది. కాస్ట్‌కోలో అమ్మిన సన్‌విల్లా కంపెనీ పదడుగుల సోలార్ ఎల్‌ఈడీ గొడుగులను అమెరికా వినియోగదారుల భద్రతా సంస్థ సీపీఎస్‌సీతో కలిసి వెనక్కి పిలిచారు. గొడుగు కొనమీద బిళ్లలా ఉండే సోలార్ ప్యానెల్లోని లిథియం అయాన్ బ్యాటరీ వేడెక్కి మంటలు లేచిన ఘటనలు నమోదయ్యాయి. ఒక్క అమెరికాలోనే దాదాపు 4 లక్షల గొడుగులు. వాటిలో కొన్ని ప్యానెళ్లు ఇంట్లో కరెంటు ప్లగ్గుకు పెట్టి చార్జింగ్ చేస్తుండగా అంటుకున్నాయి. అలాంటి బ్యాటరీ ఉన్న గొడుగు ఏదైనా సరే, చార్జింగ్ పెట్టి ఇంట్లో వదిలేసి బయటికి వెళ్లకూడదు.

ఇలాంటి సందర్భాల్లో సభ్యత్వ నంబరు పనికొస్తుంది. ఎవరు ఏం కొన్నారో స్టోరు దగ్గర నమోదై ఉంటుంది కాబట్టి రీకాల్ కబురు కొన్నవాళ్లకు నేరుగా పంపగలుగుతారు. ఇల్లు మారేవాళ్ల దగ్గర సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నవాళ్లకు ఆ కబురు రాదు. 2020 డిసెంబరు నుంచి 2022 మే దాకా అమ్మిన ఆ గొడుగులు ఇప్పటికీ చేతులు మారుతూ ఉండే అవకాశం ఉంది. పాత సోలార్ గొడుగు కొనేవాళ్లు ప్యానెల్ మీద ఉన్న పేరు చూసి సీపీఎస్‌సీ వెబ్‌సైట్‌లో వెతకాలి. పేరు సరిపోతే ప్యానెల్‌ను గొడుగునుంచి తీసేసి, ఎండ తగలని చోట, అంటుకునే వస్తువులకు దూరంగా పెట్టాలి, ప్లగ్గుకు అసలే పెట్టకూడదు.